చాపిన చేయి: టెరీస్ లాసర్ అమ్మగారి జీవితము

వేదభాగములు: మార్కు 3:1-6, నిర్గమకాండము 17:8-13, 2 కొరింథీయులకు 1:3-7



ఊచచెయ్యి గలవాని కథ మనకందరికిని తెలిసినదే. విశ్రాంతిదినమున సమాజమందిరములో నుండిన వానిని ప్రభువు నలుగురి మధ్యకు రమ్మనెను. అది కుడిచెయ్యియని లూకా వ్రాసియున్నాడు. లూకా వైద్యుడు గనుక ఏ చెయ్యియో గమనించుట అతనికి అలవాటు కాబోలు. ఆ కథలో ఒక సంగతి మనము చదివి చదివి దాటిపోవుదుము. ప్రభువు వాని చెయ్యి పట్టుకొని లాగలేదు. దానిమీద ఏమియు పూయలేదు. చాపుమని మాత్రము సెలవిచ్చెను. కదలదని అందరును, తానును నమ్మియుండిన ఆ చేతిని చాపవలసిన పని వానికే విడిచెను. స్వస్థత ప్రభువుది, చాపుట వానిది.

ఈ నెల మనము తలంచుకొనబోవు స్త్రీ మిషనెరీ కాదు, డాక్టరు కాదు, నర్సు కాదు. అమెరికా దేశములోని న్యూయార్కు నగరమున కాపురముండిన ఒక గృహిణి. ఆమె పేరు టెరీస్ లాసర్. రొమ్ము క్యాన్సరు వచ్చిన స్త్రీలకు సహాయము చేయువారిలో ఆమె పేరు తెలియనివారు తక్కువ. మన సంఘములలో ఆమెను గూర్చి విన్నవారు తక్కువ. ఆమె జీవితములో మన అక్కచెల్లెండ్రకు పనికివచ్చు సంగతి యొకటి యున్నది గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా మన ఇండ్ల సంగతి చెప్పవలెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఈ వ్యాధి పేరు గట్టిగా పలుకువారు లేరు. మన పెద్దలు రాచపుండు అనెడివారు, ఇప్పుడు క్యాన్సరు అనుచున్నాము, రెంటిని గొంతు తగ్గించియే చెప్పుదుము. రొమ్మున గడ్డ చేతికి తగిలిన స్త్రీ తల్లికో అక్కకో చెప్పుకొనును. భర్త దుబాయిలో నుండినయెడల ఫోనులో చెప్పుటకు నోరు రాక నెలలు గడుపును. చివరకు ఎల్లారెడ్డినుండి బస్సులో కామారెడ్డికి, అక్కడనుండి రైలులో హైదరాబాదుకు పోయి, 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో గాని మరియొకచోట గాని శస్త్రచికిత్స చేయించుకొనును. తరువాత సూదిమందులు, మనవారు కరెంటు పెట్టుట అని చెప్పుకొనెడి రేడియేషను, ఇవన్నియు ముగించుకొని ఇంటికి వచ్చును.

ఇంటికి వచ్చిన నాటినుండి వేరొక కష్టము మొదలగును. చేయి కదల్పవద్దు, బిందె ఎత్తవద్దు, పిల్లను ఎత్తుకొనవద్దు, మంచము దిగవద్దు అని అందరును చెప్పుదురు. ప్రేమతోనే చెప్పుదురు. అత్తగారు వంట చేసి పెట్టును, ఆడబిడ్డ బట్టలు ఉదుకును. ఆరు నెలలు గడచునప్పటికి ఆమె చేయి భుజమునకు పైన లేవదు. తల దువ్వుకొనుటకును రవిక తొడుగుకొనుటకును ఇంకొకరు కావలసివచ్చును. బీడీలు చుట్టుటకు కూర్చున్న గంటకే చేయి బరువెక్కును. ఆమె బ్రదికియున్నది, డాక్టర్లు తమ పని తాము చేసిరి, అయినను బ్రదుకు ఆమె చేతికి తిరిగి రాలేదు. ఈ రెంటికి మధ్యనున్న దూరమునే టెరీస్ లాసర్ కనిపెట్టెను.

ఆమె భర్త జె. కె. లాసర్ అను పెద్దమనిషి ఆదాయపు పన్ను లెక్కలలో ప్రవీణుడు. సామాన్యులు తమ పన్ను తామే లెక్క కట్టుకొనునట్లు ఆయన వ్రాసిన పుస్తకము ఆ దేశములో ఇంటింటను నుండెనట. కలిగిన కుటుంబమే. 1952వ సంవత్సరమున ఆమెకు రొమ్మున గడ్డ కనబడెను. న్యూయార్కులోని మెమోరియల్ ఆసుపత్రిలో చేరెను. అది క్యాన్సరు వైద్యమునకు ఆ దేశములోనే పేరుపొందిన స్థలము.

ఆ దినములలోని పద్ధతి నేటివారికి వింతగా తోచును. గడ్డలోని ముక్క తీసి పరీక్షించుటకని స్త్రీకి మత్తుమందు ఇచ్చెడివారు. ఆమె మత్తులో నుండగనే ఆ ముక్కను పరీక్షించి, క్యాన్సరని తేలినయెడల అప్పుడే రొమ్మును తీసివేసెడివారు. ఆమె కన్నులు తెరచి తన రొమ్మును తడిమి చూచుకొని గాని జరిగినది తెలిసికొనలేకుండెడిది. టెరీస్ లాసర్‌కును అట్లే జరిగెను. చిన్న పరీక్షయని పండుకొని, లేచునప్పటికి ఒకవైపు కట్లతో నిండియుండెను.

తీసినది రొమ్ము మాత్రమే కాదు. బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు విలియమ్ హాల్‌స్టెడ్ 1880ల నుండి ఒక పద్ధతిని నడిపించెను. రొమ్ముతోపాటు దాని క్రిందనున్న ఎదకండరములను, చంకలోని లింఫు గ్రంథులన్నిటిని కలిపి తీసివేయుటయే ఆ పద్ధతి. రోగము వ్రేళ్లు ఎంత దూరము పోయినవో అంతవరకు త్రవ్వవలెనని ఆయన తలంపు. మంచి ఉద్దేశమే. అది ఎనుబది సంవత్సరముల కాలము పాశ్చాత్య దేశములలో రాజ్యమేలెను. దానివలన బ్రదికినవారున్నారు. అయితే ఎద గుంటపడి ప్రక్కటెముకలు కనబడెడివి, భుజము బిగిసిపోయెడిది. చంకలోని గ్రంథులు పోవుటచేత చేతినుండి నీరు పైకి పోవు దారి మూయబడి చేయి వాచెడిది. కొందరికి ఆ వాపు ఏనుగు కాలువలె పెరిగెడిది.

ఆమె మంచముమీద పండుకొని యుండి డాక్టర్లను ప్రశ్నింప మొదలుపెట్టెను. నా చేయి మరల లేచునా? లేచుటకు నేనేమి చేయవలెను? ఎప్పటినుండి చేయవచ్చును? రవిక లోపల ఏమి పెట్టుకొనవలెను? భర్త యెదుటికి ఏలాగు పోవలెను? ఈ ప్రశ్నలకు తృప్తియైన జవాబు దొరకలేదు. చెడ్డవారగుటచేత కాదు. వారు శస్త్రవైద్యులు, గడ్డ తీసి ప్రాణము నిలిపితిమి, తక్కినది తానే సర్దుకొనునని తలంచెడివారు. రోగిష్ఠి స్త్రీకి మాత్రము ఆ తక్కినదే బ్రదుకంతయు.

ఇచ్చట ఆమె చేసిన పని చిన్నదిగా కనబడును. ఎవరును చెప్పకపోగా తానే వెదకెను. చేతిని మరల వాడుకలోనికి తెచ్చు కసరత్తులను ఒక్కొక్కటిగా కూర్చి, తన దేహముమీదనే చేసి చూచెను. చేయి మరల పనికి వచ్చెను. ఆ తరువాత ఆమె తన ఇంటిలో సుఖముగా నుండవచ్చును. కలిగిన ఇల్లు, పేరుగల భర్త, ఏమి కొరత? ఆమె అట్లుండలేదు. తనవలెనే కన్నులు తెరచి కట్లు చూచుకొన్న స్త్రీల మంచములయొద్దకు పోవ నారంభించెను.

మొదట పిలువకయే పోయెను. డాక్టర్లకు ఇది నచ్చలేదు. వైద్యము నేర్వని స్త్రీ వార్డులోనికి వచ్చి రోగులకు చేతులు ఎత్తుమని చెప్పుట యేమని కోపగించినవారు కలరు, ఆమెను రావద్దని పంపివేసినవారును కలరు. వారి భయములో కొంత న్యాయమును కలదు. కుట్లు ఆరకముందే ఎక్కువగా చేయి లాగినయెడల గాయము విచ్చును. కాని వారు తాము చెప్పరు, చెప్పువారిని రానియ్యరు. ఆమె మానలేదు. 1954లో భర్త మరణించెను. అప్పటికి తన పనికి పేరు పెట్టియుండెను. ఆ పేరును మన భాషలో చెప్పవలెనన్న కోలుకొనుటకై చేయి చాపుట అనవలెను. ఆంగ్లములో ఆ మాటకు రెండు అర్థములు: చేయి చాపి అందుకొనుట యొకటి, చేయి చాపి ఇంకొకరికి అందించుట యొకటి.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో ఒక మాట యున్నది. దేవుడు మన శ్రమలో మనలను ఆదరించుట ఎందుకనగా, ఆ ఆదరణతోనే మనము శ్రమపడుచున్న ఇతరులను ఆదరించుటకట. ఈ వాక్యమును మనము దుఃఖగృహములలో చదువుదుము. దానిలోని కొలత గమనించవలెను. మనము చదివిన దానితో కాదు, మనము పొందినదానితో ఆదరించుమని చెప్పుచున్నాడు. టెరీస్ లాసర్ పెట్టుకొన్న నియమమును ఇదే: ఈ శస్త్రచికిత్స జరిగి కోలుకొన్న స్త్రీయే ఈ శస్త్రచికిత్స జరిగిన స్త్రీయొద్దకు పోవలెను. ఎంత చదువుకొన్న తల్లియైనను, ఎంత భక్తిగల సహోదరియైనను, ఆ దారిని నడువని యెడల ఆమె పంపునది కాదు. మంచి బట్టలు కట్టుకొని, నిటారుగా నడచి పోవలెను. మంచముమీదనున్న స్త్రీ ఆమెను చూచి, ఈమెకును నాకు జరిగినదే జరిగినదా అని ఆశ్చర్యపడవలెను. మాటకంటె ముందు ఆ చూపు పనిచేసెడిది.

ఆమె చేతిలో ఒక సంచి యుండెడిది. దానిలో ఒక చిన్న రబ్బరు బంతి, ఒక త్రాడు, రవికలో పెట్టుకొనుటకు మెత్తని తాత్కాలికపు దిండు, కసరత్తులు వివరించు చిన్న పుస్తకము ఉండెను. ఇంతే. ఈ వస్తువులను చూచి నవ్వువారు నవ్వవచ్చును. దావీదు సంచిలోని రాళ్లును అంతకంటె గొప్పవి కావు.

బంతి ఎందుకనగా, మంచముమీద నున్నప్పుడే దానిని గుప్పిట పట్టి నొక్కి విడుచుచుండిన చేతిలో నెత్తురు ఆడును, నీరు పైకి కదలును. గోడ ఎందుకనగా, గోడకు ఎదురుగా నిలిచి, రెండు అరచేతులను భుజముల ఎత్తున గోడకు ఆనించి, చీమ ప్రాకినట్లు వ్రేళ్లతో పైకి ప్రాకవలెను. లాగినట్లు తోచినచోట ఆగి, అక్కడ పెన్సిలుతో గీత గీయవలెను. రేపటి గీత దానికి ఒక వ్రేలెడు పైన పడును. త్రాడును తలుపు పైనుండి వేసి, రెండు కొనలు రెండు చేతులతో పట్టుకొని, బాగున్న చేతితో క్రిందికి లాగిన, బాగులేని చేయి పైకి లేచును. మన ఊళ్లలో గిరకబావి దగ్గర నీళ్లు చేదినవారికి ఇది చెప్పనక్కరలేదు. తల దువ్వుకొనుటను ఆమె కసరత్తుగానే లెక్కించెను. తలను వంచక, చేతినే తలయొద్దకు తీసికొనిపోయి దువ్వవలెను. మన స్త్రీలు జడ వేసికొనునప్పుడు రెండు చేతులు మెడ వెనుకకు పోవును; ఆ పని తానే చేసికొనగలిగిన దినము చేయి సగము తిరిగి వచ్చినట్లే.

ఒక్కొక్క దినము ఒక్కొక్క గీత. ఇందులో వీరత్వ మేమియు కనబడదు. అయినను చెయ్యి చాపుమని చెప్పబడినవాడు చాపినప్పుడు వాని మనస్సులో ఏమి జరిగెనో, ఈ గోడయొద్ద నిలిచిన స్త్రీకి కొంత తెలియునని నేను తలంతును.

మోషే సంగతి కూడ జ్ఞాపకము వచ్చుచున్నది. అమాలేకీయులతో యుద్ధమునాడు అతడు చేతులు ఎత్తియుండవలసివచ్చెను. చేతులు బరువెక్కెను. అప్పుడు అహరోనును హూరును ఒక రాయి తెచ్చి అతని క్రింద వేసి కూర్చుండబెట్టి, ఒకరు ఈ ప్రక్కను ఒకరు ఆ ప్రక్కను చేతులు ఆదుకొనిరి. నీవు పండుకొనుము, మేమే ఎత్తుదుమని వారు చెప్పలేదు. ఎత్తవలసిన చేతులు మోషే చేతులే, వారు ఆధారమైరి. మన ఇండ్లలో అత్తలు, ఆడబిడ్డలు, భర్తలు ఈ భేదమును ఆలోచింతురని నా మనవి. చేయి బరువెక్కిన స్త్రీకి బదులు సమస్తమును చేసిపెట్టుట ఒకటి, ఆమె ప్రక్కన నిలిచి ఆమెచేత చేయించుట మరియొకటి. రెండవది ఓర్పుతో కూడిన పని. బిందె మనము ఎత్తుటకు అరనిమిషము చాలును. చెంబెడు నీళ్లు ఆమె ఎత్తువరకు ఆగి చూచుటకు చాలసేపు పట్టును.

మన ప్రాంతమువారికి ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాకూడదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి 2016 వరకు నిజామాబాదు జిల్లాలోనివే. ఆ జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి వెలసెను. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు అచ్చట సూదిమందు మాత్రమే ఇచ్చి ఊరుకొనలేదు. ఊరు వెలివేసినవారికి తోటపని, పొలముపని కల్పించిరి. రోగియైనవాడు పనికిరానివాడు కాడని మన తాతల కాలముననే ఈ నేలమీద చూపబడినది.

టెరీస్ లాసర్ పని మెల్లమెల్లగా పెరిగెను. రావద్దన్న డాక్టర్లలోనే కొందరు తమ రోగులయొద్దకు రమ్మని పిలువనంపిరి. ఆమె తర్ఫీదు ఇచ్చిన స్త్రీలు ఇతర పట్టణములకు పోయిరి. 1969లో అమెరికా క్యాన్సరు సంఘము ఈ పనిని తనలో చేర్చుకొనెను. 1974లో ఐరోపా ఖండమునకు పోయెను. పారిసు నగరములో కాపురముండిన ఫ్రాన్సీన్ తిమోతి అను స్త్రీ అక్కడ దానిని నాటెను. ఇప్పుడు అనేక దేశములలో ఈ పేరుతో గాని ఈ పద్ధతితో గాని రోగులను దర్శించు స్త్రీలున్నారు.

ఆమెను దేవదూతగా చిత్రించుట నా ఉద్దేశము కాదు. ఆమె పనిలో లోపములు చూచినవారు ఆమె కాలముననే కలరు. అంత పెద్ద శస్త్రచికిత్స నిజముగా అవసరమా అని ఆమె అడుగలేదు. జరిగినదానికి సర్దుకొనుట మాత్రమే నేర్పెను. స్త్రీకి చెప్పకయే రొమ్ము తీయు పద్ధతిపై పోరాడినది రోజ్ కుష్నర్ అను మరియొక రోగి. తనకు 1974లో ఈ వ్యాధి కనబడగా, పరీక్ష వేరు, శస్త్రచికిత్స వేరు, నడుమ ఆలోచించుకొనుటకు సమయము కావలెనని పట్టుపట్టెను. కవయిత్రియగు ఆడ్రే లార్డ్ 1980లో ప్రచురించిన పుస్తకములో, రవికలో దిండు పెట్టి ఏమియు జరుగనట్లు నటింపుమని బోధించుట స్త్రీల దుఃఖమును నోరు నొక్కుట కాదా అని నిందించెను. ఈ నిందలో సత్యమున్నది. లోపల పెట్టుకొను దిండును గూర్చి టెరీస్ లాసర్ కొంత ఎక్కువగానే పట్టించుకొనెనని నాకును తోచును. సమాజమందిరములో ప్రభువు ఆ మనుష్యుని నలుగురి మధ్యను నిలువుమనెను గదా, చెయ్యి అంగీలో దాచుకొమ్మనలేదు.

అయినను మన ఊళ్లలోని స్త్రీ సంగతి తలంచినప్పుడు నేను తీర్పు తీర్చుటకు జంకుదును. పెండ్లిలో, సంతలో, గుడికి వచ్చినప్పుడు అందరి చూపులు తన ఎదమీద పడునేమో అను భయముతో ఆదివారము ఆరాధన మానుకొనినవారున్నారు. మెత్తని దిండు ఒకటి వారిని మరల గుడికి తెచ్చిన, దానిని నేను తప్పుపట్టను.

ఆమె బోధలో ఏది నిలిచినది, ఏది మారినది అను ప్రశ్నకు శాస్త్రము కొంత జవాబు చెప్పినది. ఆమె మరణించిన తరువాత చాలకాలము వరకు డాక్టర్లు ఈ స్త్రీలను రెండు కిలోలకు మించి ఎత్తవద్దని చెప్పెడివారు. ఎత్తిన చేయి వాచునని భయము. ఆ మాటయే మన ఊళ్లకును వచ్చి ఇప్పటికిని నిలిచియున్నది. 1996లో కెనడా దేశములోని వాంకూవరు నగరమున డాన్ మెకెంజీ అను డాక్టరు ఈ భయమును పరీక్షింపదలచెను. రొమ్ము క్యాన్సరు వచ్చి కోలుకొన్న ఇరువదినలుగురు స్త్రీలకు కొన్ని నెలలు తర్ఫీదు ఇచ్చి, పొడవైన పడవలో కూర్చుండబెట్టి తెడ్లు వేయించెను. చేతులు వాచలేదు. ఆ స్త్రీలు పడవ దిగుటకు ఇష్టపడలేదట. నేడు అట్టి పడవపందెములు అనేక దేశములలో జరుగుచున్నవి.

2009లో అంతకంటె గట్టి పరిశోధన అమెరికాలో ప్రకటింపబడెను. క్యాథరిన్ ష్మిట్జ్ అను విదుషీమణి, అప్పటికే చేతి వాపు గల 141 మంది స్త్రీలను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుచేత సంవత్సరము పాటు వారమునకు రెండుసారులు బరువులు ఎత్తించెను. మొదట మిక్కిలి తేలికైన బరువు. నేర్పువాడు ప్రక్కన నుండి చూచుచుండగా, చేతికి బిగుతైన తొడుగు వేసికొని, కొంచెము కొంచెముగా పెంచుకొనిరి. వాపు ఎక్కువ కాలేదు. పైగా వాపు ఉన్నట్టుండి పెరుగుట బరువులు ఎత్తినవారిలోనే తక్కువగా నుండెను. చేతులలో బలము పెరిగెను.

ఇందలి మర్మము కఠినమైనది కాదు. కండరము ముడుచుకొని విప్పుకొనునప్పుడెల్ల లింఫు అను నీటిని పైకి తోయును. కదలని చేతిలో ఆ నీరు నిలువయుండును. అంతేకాక, బలము పోయిన చేతికి చిన్న బరువే పెద్ద బరువు. పసిపిల్ల పరుగెత్తి వచ్చి ఎక్కినప్పుడు, బస్సులో కడ్డీ పట్టుకొన్నప్పుడు, ఒక్కసారిగా మోయవలసివచ్చి అది దెబ్బతినును. బలముగల చేతికి అదే బరువు లెక్కలోనిది కాదు. బరువు ఎత్తవద్దని కాపాడిన చేయియే బరువునకు ఓర్వలేనిదగుచున్నది.

2018లో అనేక దేశముల నిపుణులు సమావేశమై, మరుసటి సంవత్సరము తమ తీర్మానములు ప్రకటించిరి. క్యాన్సరు వచ్చినవారు వారమునకు మూడు దినములు అరగంట చొప్పున వేగముగా నడచుట వంటి పని, రెండు దినములు బలము పెంచు కసరత్తు చేసినయెడల, అలసట, దిగులు, ఆందోళన తగ్గునని, పనిచేయు శక్తి పెరుగునని వారు చెప్పిరి. అలసట యనగా ఇక్కడ పనిచేసి వచ్చిన అలసట కాదు. ఈ వైద్యము చేయించుకొన్న స్త్రీలకు తెలియును: రాత్రియంతయు నిద్రించి లేచినను పోనిది, కూర్చున్నచోటనే కూలవేయునది. దానికి విశ్రాంతి మందు అనుకొందుము. నడకయే మేలైన మందని తేలినది.

దీని నిమిత్తము ఎల్లారెడ్డిలో ఎవరును జిమ్ముకు పోనక్కరలేదు. తెల్లవారుజామున ఊరి చెరువుకట్టమీద అరగంట నడక యున్నది. అరలీటరు నీళ్ల సీసా అరకిలో బరువు, లీటరు సీసా కిలో బరువు. కూర్చుండి లేచుట కాళ్లకు బలము. అయితే డాక్టరు అనుమతి లేక మొదలుపెట్టకూడదు. శస్త్రచికిత్స జరిగిన మొదటి దినములలో గుప్పిట మూయుట, మోచేయి వంచుట వంటివే చాలును. చేయి పైకి లాగు కసరత్తులు గాయమునుండి నీరు తీయు గొట్టము తీసివేసిన తరువాత, ఫిజియోథెరపీ తెలిసినవారు చూపినట్లు చేయవలెను. ఎముకలకు రోగము ప్రాకినవారు ప్రత్యేకముగా అడిగి తెలిసికొనవలెను. చేయి ఎఱ్ఱబడి వేడెక్కినను, జ్వరము వచ్చినను, క్రొత్తగా వాచినను కసరత్తు ఆపి వెంటనే డాక్టరు నొద్దకు పోవలెను. నాటుమందుల కట్లు కట్టి దినములు పోగొట్టరాదు.

మన స్త్రీల సమాజము గురువారము గాని శనివారము గాని కూడుకొన్నప్పుడు రోగుల నిమిత్తము ప్రార్థన జరుగుచునే యున్నది. ఆ ప్రార్థనలలో జ్వరము పేరు, చక్కెరవ్యాధి పేరు వినబడును, ఈ వ్యాధి పేరు వినబడదు. ఒక సహోదరికి అస్వస్థత అని మాత్రము చెప్పుదుము. ఈ వ్యాధిని దాటి వచ్చిన అక్క మన సంఘములో ఒకరైనను ఉండకపోరు. ఆమెను బలవంతపెట్టి నిలువబెట్టుట తగదు. తానే ముందుకు వచ్చినయెడల, క్రొత్తగా ఆసుపత్రినుండి వచ్చిన చెల్లెలి ఇంటికి ఆమె పోవుటయే మనము పంపగల మంచి పరామర్శ. గురువులు పోయి ప్రార్థింతురు, అది మంచిదే. కాని చేయి ఏలాగు ఎత్తితివి అక్కా అని గురువులను ఎవరు అడుగుదురు?

టెరీస్ లాసర్ తన పనిని, తన కసరత్తులను వివరించుచు 1972లో ఒక పుస్తకము ప్రచురించెను. 1979లో ఆమె మరణించెను. రొమ్ము తీసివేయబడిన తరువాత ఆమె ఇరువదియేడు సంవత్సరములు బ్రదికెను, వానిలో చాల భాగము ఇతరుల మంచముల ప్రక్కన గడపెను. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖ పిలిచిన నిపుణుల సభ, ఎదకండరములను తీసివేయు హాల్‌స్టెడ్ పద్ధతి ఇక అవసరము లేదనియు, పరీక్షకును శస్త్రచికిత్సకును నడుమ స్త్రీకి సమయ మియ్యవలెననియు తీర్మానించెను. రోజ్ కుష్నర్ ఆ సభలో కూర్చున్నవారిలో ఒకతె. తరువాత 1985లో డాక్టరు బెర్నార్డ్ ఫిషర్ ప్రకటించిన పరిశోధన, చిన్న గడ్డలు గల అనేకమందికి గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చిన చాలునని చూపెను. నేడు చంకలోని గ్రంథులను కూడ అన్నిటిని తీయక, వీలైనచోట ఒకటి రెండు మాత్రము తీసి పరీక్షించుచున్నారు. చేతులు మునుపటివలె వాచుట తగ్గినది. కాని ఆలస్యముగా వచ్చిన స్త్రీలకు పెద్ద శస్త్రచికిత్సయే తప్పదు, మన ప్రాంతమునుండి పోవువారిలో ఆలస్యముగా పోవువారు చాలమంది.

అట్టి స్త్రీ యొకతె మత్తు విడిచి కన్ను తెరచునప్పటికి, ఆమెవలెనే కన్ను తెరచిన మరియొక స్త్రీ అనేక దేశములలో నేటికిని ఆసుపత్రి తలుపు తట్టి లోనికి వచ్చుచున్నది. ఆమె కుర్చీ లాగుకొని మంచము ప్రక్కన కూర్చుండి, తాను ఎవరో చెప్పి, కట్లు లేనివైపు కాదు, కట్లున్నవైపు చేతినే మెల్లగా తెరువుమని, వ్రేళ్లు మరల ముడుచుకొనుమని చెప్పును.